హాప్స్ చేదు పక్కన ఏం నంచుకోవాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

హాప్స్ అనే చేదు పువ్వులను ఎక్కువగా వేసి కాచే క్రాఫ్ట్ బీర్ల (చిన్న సంస్థలు తమ పద్ధతిలో కాచే బీర్ల) గురించి గడచిన రెండు నెలల్లో అందిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాము. ఈ పుట 21 ఏళ్లు నిండిన పాఠకుల కోసం.

ప్రశ్న: మా వారు సియెరా నెవాడా పేల్ ఏల్ అనే బీరు తెచ్చారు. ఆయనా, ఆయన స్నేహితులూ అందులో నారింజ తొక్క వాసన, దేవదారు వాసన ఉన్నాయని తెగ మెచ్చుకున్నారు. నాకు మాత్రం చిన్నప్పుడు అమ్మమ్మ తాగించిన నేలవేము కషాయం గుర్తుకొచ్చింది. ఆ వాసనలు నిజంగా ఉన్నాయా? ఉంటే వాటిని పట్టుకోవడం ఎలా? (ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: వాసనలు ఉన్నాయి, మీకు తగిలిన కషాయపు చేదూ ఉంది. రెండూ ఒకే పువ్వు నుంచి వచ్చినవే.

హాప్స్ అనేది ఎత్తుగా పాకే ఒక తీగ. బీరులో వేసేది దాని ఆడపూల గుత్తులను. ఆకుపచ్చని చిన్న మొగ్గలా కనిపించే ఆ పువ్వును వేళ్లతో విడదీస్తే రేకుల మొదట్లో పసుపు రంగు పొడి అంటుకుని ఉంటుంది. చేదును ఇచ్చే జిగురు పదార్థాలు, వాసననిచ్చే నూనెలు రెండూ ఆ పొడిలోనే ఉన్నాయి. జిగురులోని ఆల్ఫా ఆమ్లాలు నీటిలో బాగా కరిగి చేదెక్కాలంటే గంటసేపు మరగాలి, కాని అంతసేపు మరిగితే నూనెలు ఆవిరైపోతాయి. అందుకని బీరు కాచేవారు కొంత హాప్స్‌ను మొదట్లోనే వేసి చేదు రాబట్టి, మిగిలినదాన్ని దించే ముందూ, కొన్నిసార్లు పులిసిన తరువాత చల్లని బీరులోనూ వేస్తారు. మనం చారు పొంగే వేళకు కొత్తిమీర వేసి మూత పెట్టడంలో ఉన్న తెలివే ఇందులోనూ ఉంది.

మీరు తాగిన బీరుకు ఆ వాసన ఇచ్చింది క్యాస్కేడ్ అనే రకం. అది ఒరెగాన్‌లో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనలో పుట్టి, 1972లో రైతుల చేతికి వచ్చింది. అంతవరకు అమెరికా బీరు సంస్థలు సువాసన కోసం ఎక్కువగా ఐరోపా రకాల వైపే చూసేవి, ఈ కొత్త రకపు ఘాటైన నిమ్మజాతి వాసన వాటిలో చాలామందికి మొరటుగా తోచింది. శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ సంస్థ 1975లో లిబర్టీ ఏల్‌లోనూ, ఉత్తర కాలిఫోర్నియాలోని చీకో పట్టణంలో కెన్ గ్రాస్‌మన్, పాల్ కముసీ స్థాపించిన సియెరా నెవాడా 1980లో మొదలుపెట్టిన పేల్ ఏల్‌లోనూ ఆ మొరటుతనాన్నే ముందుకు తెచ్చాయి. ఈనాటి అమెరికా క్రాఫ్ట్ బీరు రుచికి ఈ రెండింటినే మొదటి మెట్టుగా చెప్పవచ్చు.

క్యాస్కేడ్ వాసనను ఆంగ్ల రచయితలు గ్రేప్‌ఫ్రూట్‌తో పోలుస్తారు. ఆ పండు మన పంపరపనసకూ తియ్యనారింజకూ పుట్టిన బిడ్డ. కాబట్టి మీరు నారింజను వెతకడం మానేసి, పంపరపనస తొక్కను గోటితో గిల్లినప్పుడు కళ్లలోకి చిమ్మే ఆ నూనెను గుర్తు చేసుకోండి. మీ వారి మాటకన్నా అది మీకు తొందరగా దారి చూపుతుంది.

ఇక తాగే విధానం. ఫ్రిజ్ నుంచి తీసిన బీరును పది నిమిషాలు బయట ఉంచండి, ఎందుకంటే 4 డిగ్రీల దగ్గర వాసనలు ముడుచుకుని ఉంటాయి, చేదు మాత్రం పదునుగా నిలుస్తుంది. ఈ తరహా బీరుకు 7 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. సీసాతో తాగకండి. గ్లాసు శుభ్రంగా ఉండాలన్న మాట తేలికగా తీసుకోవద్దు: మన వంటిళ్లలో గిన్నెలతో పాటు కడిగిన గ్లాసుకు కంటికి కనబడని నూనె పొర పట్టి ఉంటుంది, అది నురగను నిమిషంలో చంపేస్తుంది. నురగ పోతే వాసనలో సగం పోయినట్టే. గ్లాసును ఏటవాలుగా పట్టి పోయడం మొదలుపెట్టి, సగం నిండాక నిలబెట్టి పోస్తే రెండు వేళ్ల మందం నురగ వస్తుంది. గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని కదలకుండా ఉంటే, అక్కడ జిడ్డు మిగిలిందని అర్థం.

తరువాత తాగకుండా వాసన చూడండి. ఒక పొడవైన పీల్పు కన్నా మూడు నాలుగు చిన్న పీల్పులు మేలు. మొదటి గుక్కను నోరంతా తిప్పి మింగాక, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అసలు రహస్యం ఇక్కడే ఉంది: గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కే ఆ గాలిలో పంపరపనస స్పష్టంగా తెలుస్తుంది. దాని వెనుక మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) ఇచ్చే కాల్చిన రొట్టె అంచు రుచి, లేత పాకం తీపి కనిపిస్తాయి. మొదటి గుక్కను బట్టి తీర్పు చెప్పవద్దు. నాలుక చేదుకు అలవాటు పడటానికి రెండు మూడు గుక్కలు పడుతుంది. అప్పటికీ కషాయంలాగే ఉంటే అది మీ తప్పు కాదు. చేదు తగిలే తీరు మనిషి మనిషికీ మారుతుంది.

ప్రశ్న: డబ్బా మీద 38 అనీ, మరోదాని మీద 65 అనీ ఐబీయూ అంకెలు వేస్తారు. 65 అంటే దాదాపు రెట్టింపు చేదని అనుకోవాలా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: అనుకోనక్కరలేదు. ఐబీయూ అంటే బీరు చేదుకు అంతర్జాతీయ కొలత. ఐబీయూ ఒకటి అంటే హాప్స్ మరిగినప్పుడు వచ్చే చేదు పదార్థం లీటరు బీరులో సుమారు ఒక మిల్లీగ్రాము ఉన్నట్టు లెక్క. అది ప్రయోగశాల చెప్పే అంకె, నాలుక చెప్పేది కాదు. పులుసులో ఎంత చింతపండు వేశారో చెప్పి బెల్లం సంగతి చెప్పకపోతే పులుపు తెలియనట్టే, మాల్ట్ తీపి ఎంత మిగిలిందో తెలియనిదే ఐబీయూ అర్థం కాదు. పై జవాబులోని పేల్ ఏల్‌కు 38 ఐబీయూ, 5.6 శాతం ఆల్కహాల్. అమెరికన్ ఐపీఏలు (ఇండియా పేల్ ఏల్, అంటే హాప్స్ ఇంకా ఎక్కువ వేసిన పేల్ ఏల్) సాధారణంగా 40 నుంచి 70 మధ్య ఉంటాయి. చిక్కని మాల్ట్ ఉన్న 65 కన్నా, పలుచగా పొడిగా, అంటే తీపి మిగలకుండా, ముగిసే 45 ఎక్కువ చేదుగా తోచడం నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న: ఇంట్లో విందుకు మంచి ఐపీఏ తెప్పించి గోంగూర మాంసం, కోడి వేపుడు, ముద్దపప్పు ఆవకాయ వడ్డించాను. పది నిమిషాలలో అందరూ బీరు పక్కన పెట్టి మంచినీళ్లు అడిగారు. పుస్తకాలేమో కారం వంటలకు ఐపీఏ చక్కని జోడు అంటాయి. ఎక్కడ పొరపాటు జరిగింది? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: మీ విందు కథ నాకు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట నేనూ సరిగ్గా గోంగూర మాంసంతోనే అతిథుల నోళ్లు కాల్చాను, అప్పటినుంచి ఆ పుస్తకాల సలహాను నమ్మడం మానేశాను. వాటిలో కారం అన్న మాటకు అర్థం వేరు. టాకోలో చిలకరించిన సాస్ కారాన్నీ, గుంటూరు మిరపపొడి గుప్పెడు వేసిన వేపుడు కారాన్నీ ఒకే గాటన కట్టలేము.

మిరప మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలోనూ ఆల్కహాల్‌లోనూ కరుగుతుంది. బీరులో ఆల్కహాల్ ఉంది కదా అనిపిస్తుంది, కాని 6 శాతం ఆల్కహాల్ ఉన్న బీరులో మిగిలినదంతా దాదాపు నీరే. ఆ కొద్దిపాటి ఆల్కహాల్ మంటను తీసుకుపోదు, మండుతున్న నోటిని ఇంకొంచెం రేపుతుంది. బుడగలు తమ వంతుగా కుట్టుతాయి. పైగా హాప్స్ చేదు గుక్క దిగాక కూడా నోట్లో నిలిచి ఉంటుంది కనుక, మంట చల్లారవలసిన వ్యవధిలో చేదు వచ్చి కూర్చుంటుంది. చల్లదనం ఇచ్చే ఊరట క్షణికం. ఇక గోంగూర విషయం మరీ కష్టం: గట్టి పులుపు మీద గట్టి చేదు పడితే లోహపు రుచి వస్తుంది. చేపల పులుసు, మామిడికాయ పప్పు, చింతచిగురు మాంసం, ఈ పులుపు వంటలేవీ ఐపీఏ పక్కన పెట్టవద్దని నా అభిప్రాయం. ఆ వంటల తప్పేమీ లేదు, వాటికి పెరుగన్నం ఉంది.

మరి చేదుకు ఏది తోడు? ఈ ప్రశ్నకు జవాబు మన మాగాయ జాడీలో ఉంది. మాగాయలో మెంతిపిండి పడుతుంది, మెంతులు చేదు. అయినా మాగాయను చేదు పచ్చడి అని ఎవరూ అనరు, ఎందుకంటే ఉప్పూ నూనే ఆ చేదును కమ్మదనంగా మార్చేస్తాయి. ఉప్పు చేదును అణచుతుందన్నది నాలుక మీద రుజువైన విషయం. కొవ్వు నాలుకకు పూతలా పట్టి చేదు అంచును మొద్దుబారుస్తుంది, బదులుగా బీరులోని బుడగలూ చేదూ ఆ జిడ్డును కోసి నోటిని మరో ముద్దకు సిద్ధం చేస్తాయి. అందుచేత హాప్స్ బీరుకు పళ్లెం సర్దేటప్పుడు కారం వైపు చూడకుండా, ఉప్పు, నూనె, కాల్చిన అంచు, ఈ మూడింటి వైపు చూడండి.

రెండో ఆధారం వాసన. మన పోపుల డబ్బాలోనూ హాప్స్ పువ్వులోనూ ఉమ్మడి సుగంధాలు ఉన్నాయి. ధనియాలకు ఆ వాసననిచ్చే లినలూల్ హాప్స్‌లో ఉంది. మిరియాలలో, లవంగాలలో ఉండే క్యారియోఫిల్లీన్ ఉంది. నిమ్మగడ్డిలోనూ కొన్ని మామిడి రకాలలోనూ ఉండే మిర్సీన్ హాప్స్ నూనెలో ప్రధాన భాగం. కాబట్టి ఎండుమిరప కారం తగ్గించి, దంచిన మిరియాలూ ధనియాలూ వేసి, కరివేపాకు కరకరలాడేలా వేయించిన కోడి వేపుడు మీ విందులో ఉండి ఉంటే బీరు పక్కకు వెళ్లేది కాదు. మిరియానికీ మంట ఉంది, కాని అది మిరపకన్నా తొందరగా దిగిపోతుంది.

నేను పరీక్షించి ఇష్టపడినవి చెబుతాను. రవ్వ అద్దిన చందువ వేపుడు, పైన నిమ్మరసం పిండి, పేల్ ఏల్‌తో. తీపి సహజంగా ఉండే రొయ్యల వేపుడు, కారం సగానికి తగ్గించి. ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలిపిన పల్లీలు, ఇవి బార్లలో ఊరికే పెట్టినవి కదా అని చిన్నచూపు చూడకండి, ఈ జాబితాలో నాకు వీటి మీదే నమ్మకం ఎక్కువ. వాము పట్టించి, లోపల గింజలు తీసేసిన మిరపకాయ బజ్జీ చక్కగా నడుస్తుంది, ఎందుకంటే బజ్జీ మిరపకు మంట తక్కువ, శనగపిండి పొరకు నూనె ఎక్కువ. సర్వపిండి అంచు ముక్కలు కూడా అంతే. బిర్యానీ విషయంలో నాకు ఇంకా తర్కం తెగలేదు: పుదీనా, నెయ్యి, వేయించిన ఉల్లిపాయ పేల్ ఏల్‌కు బాగా అమరుతాయి, కాని పక్కన మిర్చీ కా సాలన్ వచ్చిందంటే చింతపండు పులుపు మళ్లీ మొదటికి తెస్తుంది. రైతాతో ఆగిపోతే మంచిది.

తీపిలో ఒకటి ఉంది. అమెరికాలో ఐపీఏ పక్కన క్యారెట్ కేక్ పెట్టడం పాత అలవాటు, ఆ లెక్కన మన క్యారెట్ హల్వా అంతకన్నా బాగుండాలి అనుకుని ప్రయత్నించాను, బాగుంది. నేతి కమ్మదనం చేదును పట్టి ఉంచుతుంది, యాలకుల వాసన హాప్స్ వాసనతో కలిసిపోతుంది. పంచదార మాత్రం మామూలు కన్నా కొంచెం తక్కువ వేయండి, లేకపోతే తరువాతి గుక్క మళ్లీ నేలవేమే.

గోంగూర మాంసం తప్పనిసరి అయితే, అప్పుడు బీరును మార్చండి. చేదు తక్కువగా, మాల్ట్ తీపి కొంచెం ముందుగా ఉండే గోధుమ బీరో, మామూలు లాగరో కారానికి మెత్తని పరుపులా పనిచేస్తుంది.

ప్రశ్న: హైదరాబాదులో ఒక మైక్రోబ్రూవరీ మెనూలో, ఇండియాకు వచ్చే ఓడల్లో పాడవకుండా ఉండటానికే ఐపీఏను కనిపెట్టారని రాశారు. ఇది నిజమేనా? (ఒక పాఠకురాలు, సికింద్రాబాద్)

జవాబు: సగం నిజం. 18వ శతాబ్దం చివర లండన్ తూర్పున బో అనే చోట జార్జ్ హాడ్జ్‌సన్ బీరు కర్మాగారం ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవుకు అది దగ్గర, పైగా ఓడ కెప్టెన్లకు ఆయన సరుకు అరువుకు ఇచ్చేవాడు. అలా కలకత్తాకూ మద్రాసుకూ వచ్చిన లేత రంగు బీరు, అప్పటికే ఇంగ్లండ్‌లో ఉన్న హాప్స్ ఎక్కువ వేసిన అక్టోబరు బీరుకు దగ్గరిదే. కనిపెట్టినది ఏమీ లేదు. హాప్స్‌లోని చేదు పదార్థాలు పులుపెక్కించే బ్యాక్టీరియాను అడ్డుకుంటాయన్నది మాత్రం నిజం. భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతూ నెలల తరబడి పీపాలో ఊగిన బీరు పక్వానికి వచ్చి ఇక్కడి దొరలకు నచ్చింది. అదే ఓడల్లో నల్లని పోర్టర్ బీరు కూడా పెద్ద ఎత్తున వచ్చేది, బ్యారకులలోని బ్రిటిష్ సైనికులు తాగినది ఎక్కువగా అదే, కనుక తట్టుకోగలిగినది ఐపీఏ ఒక్కటే అనడం కుదరదు. 1820లలో ఇంగ్లండ్‌లోని బర్టన్ పట్టణంలో బీరు కాచే ఆల్సాప్ వంటివారు రంగంలోకి దిగాక హాడ్జ్‌సన్ వెనకబడ్డాడు. బర్టన్ బావుల నీటిలో జిప్సం ఎక్కువ, అది చేదును పొడిగా, శుభ్రంగా నిలబెడుతుంది. మీ మెనూలోని ఐపీఏ ఆ కాలపుది కాదు, అమెరికా హాప్స్‌తో పుట్టిన దాని మనుమరాలు.

ప్రశ్న: ఒక దుకాణంలో కొన్న ఆకుపచ్చ సీసా ఐపీఏ తెరిస్తే కాలిన రబ్బరు లాంటి దుర్వాసన వచ్చింది. మరోచోట కొన్న డబ్బా బీరు మజ్జిగలా మబ్బుగా ఉంది. రెండూ చెడిపోయినట్టేనా? (ఒక పాఠకుడు, బెంగళూరు)

జవాబు: మొదటిది చెడిపోయింది, రెండోది అలా కాచినది.

ఎండ తగిలితే హాప్స్ చేదు పదార్థం విరిగి, బీరులోని గంధకంతో కలిసి థయాల్ అనే ఘాటు వాసన పదార్థంగా మారుతుంది. అమెరికాలో స్కంక్ అనే జంతువు చిమ్మే కంపుతో దాన్ని పోలుస్తారు. నేరుగా ఎండలో అయితే ఇందుకు నిమిషాలు చాలు. గోధుమ రంగు సీసా చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపదు, డబ్బాలోకి వెలుతురే రాదు. దుకాణం కిటికీ పక్కన అందంగా పేర్చిన సీసాను కొనకండి, వెనుక ఫ్రిజ్‌లో చీకట్లో ఉన్నదాన్ని అడగండి. తయారీ తేదీ కూడా చూడండి: హాప్స్ వాసన ఊరగాయలా నిలవ ఉండేది కాదు, కొన్ని నెలలకే మందగించి, చివరకు తడిసిన అట్టపెట్టె వాసన మిగులుతుంది.

మబ్బుగా ఉన్నది అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు తరహా. ఓట్స్, గోధుమల ప్రొటీన్లు హాప్స్ పదార్థాలతో కలిసి ఆ మబ్బును నిలుపుతాయి. అక్కడి వెర్మాంట్ రాష్ట్రంలో ది ఆల్కెమిస్ట్ సంస్థ చేసిన హెడీ టాపర్ అనే బీరు దీనికి దారి వేసింది. చేదు తక్కువ, పండ్ల వాసన ఎక్కువ కనుక, మొదటి పాఠకురాలు దీనితో మొదలుపెట్టి ఉంటే బాగుండేది.

ప్రశ్న: హాప్స్ మన రాష్ట్రాలలో పండవా? (ఒక రైతు, చిత్తూరు జిల్లా)

జవాబు: లాభసాటిగా పండవు. ఆ తీగకు చలికాలపు నిద్ర కావాలి, వేసవిలో పొడవైన పగళ్లు కావాలి, మన అక్షాంశాలలో ఆ రెండూ లేవు. అమెరికా పంటలో అత్యధిక భాగం వాషింగ్టన్ రాష్ట్రపు యాకిమా లోయలో పండుతుంది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో కొంత సాగు ఉంది.

ప్రశ్న: ఆదివారం నలుగురు స్నేహితులం కలిసి నాలుగు రకాల బీర్లు రుచి చూడాలనుకుంటున్నాము. ఏ వరుసలో, ఎంతెంత? (ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: తేలికైన దానితో మొదలుపెట్టి చేదైన దానితో ముగించండి: లాగర్, పేల్ ఏల్, మబ్బు ఐపీఏ, చివర స్వచ్ఛంగా పొడిగా ఉండే పశ్చిమతీరపు ఐపీఏ. వరుస తిరగబడితే లాగర్ నీళ్లలా తోస్తుంది. మనిషికి రకానికి 100 మిల్లీలీటర్లు చాలు, కనుక ఒక్కో రకం ఒక్క డబ్బా, అడుగున కాస్త తక్కువపడినా, నలుగురికీ వస్తుంది. అమెరికా లెక్కలో 5 శాతం బీరు 355 మిల్లీలీటర్లు ఒక ప్రామాణిక పానీయం, అంటే 14 గ్రాముల ఆల్కహాల్. అదే 7 శాతం ఐపీఏ ఒక పైంట్ (అమెరికాలో సుమారు 473 మిల్లీలీటర్లు) తాగితే దాదాపు రెండు పానీయాలు తాగినట్టు, ఈ సంగతి తెలియక ఒక్క గ్లాసే కదా అని కారెక్కేవారు ఉన్నారు. మీ నాలుగు చిన్న గ్లాసులూ కలిపితే ఒకటిన్నర పానీయాలకు కొంచెం లోపు అవుతుంది, కాబట్టి ఇంటికి నడిపేవారు ఎవరో మొదటి డబ్బా తెరవకముందే అనుకోండి, వారికి వాసన చూసే పని అప్పగించండి. రకానికీ రకానికీ మధ్య మంచినీళ్లు, రెండు ఉప్పు పల్లీలు ఇవ్వండి. అగరుబత్తి ఆ గదిలో వెలిగించవద్దు, తాలింపు పని ముందే ముగించి కిటికీలు తెరవండి.